కొలిచినవారి గడిలో లేని పేరు

పంతొమ్మిదేళ్లలో ఆ టెలిస్కోపు పళ్లేన్ని నలభై ఏడు సార్లు కొలిచారు. నలభై ఏడు నివేదికల్లోనూ "కొలిచినవారు" అన్న గడిలో ఎవరో ఒక ఇంజనీరు పేరుంది. చుక్కలు అంటించి ఫొటోలు తీసిన మనిషికి దక్కింది చివరి పేజీలో "సహాయక సిబ్బంది" అన్న రెండు ముక్కలు.  కొత్త నివేదిక వచ్చినప్పుడల్లా ఆమె ముందు ఆ గడి చూసుకునేది, అంతే.

ఆఫీసులో అందరికీ ఆమె చుక్కలక్క. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే ముప్పై మీటర్ల లోహపు పళ్లెం అది. దాని ఒంపు వెంట్రుకవాసి చెదిరినా పనికి దెబ్బే. అందుకే ఆమె దాని మీద రెండు వేల మెరిసే చుక్కలు అంటించి, క్రేను బుట్టలో చుట్టూ తిరుగుతూ వందల ఫొటోలు తీస్తుంది. ఒకే చుక్క ఎన్నో వైపుల నుంచి కనబడుతుంది గనుక, అది సరిగ్గా ఎక్కడుందో కంప్యూటరు లెక్కగడుతుంది. అయితే ఫొటోకి ఆకారమే తెలుసు, సైజు తెలియదు. అందుకని పొడవు ఖాయంగా తెలిసిన ఉక్కు కడ్డీ ఒకటి పళ్లెంలో పెట్టి తీస్తారు.

"ఇన్ని ఫొటోలు తీస్తావు, ఒక్కదాంట్లోనూ మనిషి ఉండడేం వదినా?" అని ఆటపట్టిస్తుంది ఇంట్లో ఆడపడుచు.

"మనుషులు కదులుతారే. మా పళ్లెం బుద్ధిగా కూర్చుంటుంది, మీ అన్నయ్యలా కాదు."

నిరుడు ఆడపడుచుకి ఆపరేషనైతే చుక్కలక్క నాలుగు రోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చేసరికి ఆఫీసంతా గగ్గోలు. ఆమె లేనప్పుడు కొలిస్తే పళ్లెం నాలుగు మిల్లీమీటర్లు సాగిందట. బోల్టులన్నీ విప్పి పలకలు సర్దాలట. మూడు నెలలు టెలిస్కోపు మూత.

"సారూ, కడ్డీని ఎంతసేపు బయట ఉంచారు?" అని అడిగింది.

"ఉంచడమేంటి? ఏసీ గదిలోంచి తెచ్చాం, పెట్టాం, ఫొటోలు తీశాం," అన్నాడు కొత్త ఇంజనీరు.

"అదీ సంగతి. చలికి కడ్డీ ముడుచుకుంది. పొట్టి కడ్డీతో కొలిస్తే పళ్లెం పెద్దదిగానే కనబడుతుంది. నేనైతే గంటన్నర దాన్ని గాలికి అలవాటు పడనిస్తాను."

"ఇది ఏ పుస్తకంలో ఉందక్కా?"

"మీ పుస్తకాల సంగతి నాకేం తెలుసు సారూ? వేడెక్కితే ఇనుము సాగదూ?"

మళ్లీ కొలిచారు. పళ్లెం ఉన్నది ఉన్నట్టే ఉంది. ఒక్క బోల్టూ విప్పలేదు. "ఈసారి గడిలో నీ పేరే," అన్నారు పెద్ద సారు అందరి ముందూ. ఆ వారమంతా చుక్కలక్క ఖాళీ దొరికితే చాలు, పాత కాగితాల వెనక తన పేరు ఇంటిపేరుతో సహా రాసుకునేది. ఆ గడిలో అన్ని అక్షరాలూ పడతాయో లేదోనని స్కేలు పెట్టి చూసుకుంది.

నివేదిక వచ్చింది. గడిలో కొత్త ఇంజనీరు పేరు. డిగ్రీ లేనివాళ్ల పేరు రాయకూడదని నియమం ఉందట. "వచ్చేసారి చూద్దాంలే," అన్నారు పెద్ద సారు, కాగితాల్లోంచి తలెత్తకుండా.

"గట్టిగా అడగలేకపోయావా వదినా?"

"పంతొమ్మిదేళ్లుగా చూస్తున్నవాళ్లని ఏమని అడగనే?" అంది. అంది గానీ, ఆ నివేదికను అల్మారాలో పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు.

ఆ "వచ్చేసారి" ఒక్కటే మిగిలింది. వచ్చే నెల కొలతతో ఆమె రిటైరవుతుంది. ఆమె పేరు ఇక్కడ రాయడం తేలికే. ఆమెకు కావలసింది ఈ పేజీ కాదు, ఆ గడి.

ఆదివారాలు టెలిస్కోపు చూడటానికి మనందరినీ లోపలికి రానిస్తారు. గేటు దగ్గర అభిప్రాయాల పుస్తకం ఉంటుంది. "అద్భుతం" అని రాసి వచ్చేయడం మనకు అలవాటు. ఈ నెల అలా చేయకండి. "దీన్ని కొలిచింది ఎవరు? ఆమె పేరు రాయండి. రాయకూడదన్న నియమం ఉంటే చూపించండి," అని రాసి, కింద మీ సంతకం పెట్టండి.