అద్దాల బాబాయి బండి ఎప్పుడు కదులుతుంది?

అద్దాల బాబాయి కారెక్కి అది కదిలేలోపు పక్కింటివాళ్లు బట్టలుతికి ఆరేసుకుంటారు. మనిషి బంగారం. వచ్చిన చిక్కల్లా కారు అద్దాలతోనే.

ముందు లోపలి అద్దం సర్దుతాడు. తర్వాత కుడివైపుది. ఎడమవైపుది మాత్రం ఎంతకీ కుదిరి చావదు. దిగి తుడుస్తాడు, ఎక్కి తిప్పుతాడు, మళ్లీ దిగుతాడు. అదయ్యాక మెడ వెనక్కి తిప్పి, అద్దాలకు చిక్కని మూలలన్నీ గాలిస్తాడు.

"బాబాయ్, వెనకాల కుక్కపిల్ల కూడా లేదు!"

"లేదని నీకెలా తెలుసు?"

"చూశాను కాబట్టి."

"నేను చూడలేదుగా!"

ఆయన కారులో పెళ్లికి బయల్దేరితే పెళ్లివారు భోంచేసి ఎదురొచ్చేవారు. ఇంటిల్లిపాదీ తిట్టేవారు. ఆయన నవ్వుతూ అద్దం తిప్పుకునేవాడు.

అన్నగారి కూతురికి ఇరవై నాలుగేళ్లొచ్చినా ఇంట్లో ఇంకా చంటే. డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పింది. ఆ రోజు తొమ్మిదింటికి మూడోది. లైసెన్సు వస్తేనే మందుల కంపెనీవాళ్లు ఉద్యోగమిస్తామన్నారు. పిల్లకు ధైర్యంగా ఉంటుందని పిన్ని కూడా వస్తానంది. ఎనిమిదిన్నరకు బాబాయి తాళాలు చంటికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

చంటి ఎడమ అద్దంలోకి చూసింది. అందులో రోడ్డు లేదు. మేడ మెట్లున్నాయి. రెండో అంతస్తు మలుపులో పిన్ని కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించుకుంటూ దిగుతోంది.

"బాబాయ్, ఇదేంటి?"

"మోకాళ్లు పట్టేసినప్పట్నుంచీ మీ పిన్నికి ఒకటే బెంగ. తన వల్ల ఆలస్యమైందని ఎవరైనా అంటే ఇక గడప దాటదు. అందుకని ఆ ఆలస్యమేదో నేనే చేస్తున్నా. మెట్లన్నీ దిగాక అద్దం రోడ్డు మీదికి తిప్పేస్తాలే."

ఇన్నేళ్లూ ఆయన్ని అన్న మాటలకు చంటికి సిగ్గేసింది. ఆ మనిషి మీద ప్రేమ ముంచుకొచ్చింది. హారన్ మీదికి వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకుంది. టైము చూడకుండా లోపలి అద్దం కిందికి వంచింది, పైకెత్తింది, మళ్లీ వంచింది.

పిన్ని ఆయాసపడుతూ ఎక్కి తలుపేసింది.

"ఇంకా కదల్లేదా? మీరు చెడింది చాలక పిల్లని కూడా చెడగొట్టారా!"

"ఒక్క అద్దమే పిన్నీ, అయిపోయింది!"

తొమ్మిదికి రెండు నిమిషాలుండగా చేరారు. పరీక్ష పెట్టే ఆఫీసరు, "అద్దాలు చాలమ్మా, ఇక బండి కదుపు తల్లీ" అని రెండుసార్లు బతిమాలుకుని, చంటిని పాస్ చేశాడు.