జతపత్రాలు లేని కాగితం

మా జిరాక్స్ షాపుకు ఎదురుగా మీసేవ, పక్కన చాయ్ హోటలు, వెనక రైలు పట్టాలు. ఈ మూడింటిలో నాకు అన్నం పెట్టేది మీసేవ. అక్కడ ఒక కాగితం కావాలంటే నా దగ్గర నాలుగు కాగితాలు తీసుకుని వెళ్ళాలి. మనిషి ఎదురుగా నిలబడి ‘నేనే’ అంటే మా గల్లీలో ఎవరూ నమ్మరు. ఆధార్ జిరాక్స్ మీద సంతకం పెట్టి ‘నేనే’ అంటే నమ్ముతారు. డిగ్రీ అయ్యాక, ఏదో ఒక ఉద్యోగం వచ్చేదాకా అని మా మామ నన్ను ఈ షాపులో కూర్చోబెట్టాడు. నాలుగేళ్ళయింది. ఆ ఉద్యోగం ఇంకా సంతోష్‌నగర్ దగ్గరే ఆగినట్టుంది.

దాని తప్పు కూడా లేదు. సంతోష్‌నగర్ నుంచి ఇటు రావడానికి ఉన్న రైల్వే గేటు మూసేశారు కదా.

గేటు ఉన్న చోట గోడ కట్టి, దాని మీదుగా మెట్ల వంతెన వేశారు. ఎక్కడానికి నలభై రెండు మెట్లు, దిగడానికి నలభై రెండు. ప్రారంభం రోజు రిబ్బన్ కత్తిరించి లడ్డూలు పంచారు. అందరూ పైకెక్కి పట్టాలకేసి చూస్తూ లడ్డూ తిన్నారు. ఉస్తాద్ మాత్రం కింద తన మూడు చక్రాల బండిలో కూర్చుని తిన్నాడు. లడ్డూ దిగి వచ్చింది కాని ఆయన ఎక్కలేడు.

ఉస్తాద్‌ది జర్దోజీ పని. పెళ్ళి షేర్వానీల మీద బంగారు రంగు తీగతో పూలు కుడతాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్ళు పోయాయి. ఇల్లు పట్టాలకు ఇటు, పని చేసే కార్ఖానా అటు. గేటు ఉన్న రోజుల్లో చేత్తో బండి తిప్పుకుంటూ ఐదు నిమిషాల్లో వెళ్ళేవాడు. ఇప్పుడు చుట్టూ తిరిగి పోవాలంటే లారీల రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు. అందుకని రోజూ పొద్దున, సాయంత్రం హోటలు ప్లాస్టిక్ కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి నలుగురం నాలుగు కాళ్ళు పట్టుకుని వంతెన దాటించేవాళ్ళం. మళ్ళీ వెళ్ళి బండి మోసుకొచ్చేవాళ్ళం.

“ఏంది చాచా, పల్లకీ సోకు మస్తుగుంది,” అన్నాను మొదటి రోజు.

“నవాబుల పల్లకీ మోసెటోళ్ళు గిట్ల రొప్పకపోతుండె బేటా,” అన్నాడు.

నవ్వుకున్నంత కాలం బాగానే ఉంది. కాని నలుగురు దొరకడమే కష్టం. ఒకరికి డ్యూటీ, ఒకరికి నడుము నొప్పి. కార్ఖానాలో బట్టను పెద్ద చెక్క చట్రానికి బిగించి నలుగురు నాలుగు వైపులా కూర్చుంటారు. ఉస్తాద్ రాకపోతే ఆయన వైపు పూలు ఆగిపోతాయి. వారంలో మూడు రోజులు ఆలస్యమయ్యేసరికి యజమాని మెత్తగా చెప్పాడట, పెళ్ళిళ్ళ సీజను దాకా చూస్తాను, తర్వాత ఆ చోట ఇంకొకర్ని కూర్చోబెడతాను అని. ముప్పై ఏళ్ళుగా కూర్చున్న చోటు. ఇంట్లో ఈ మాట చెప్పలేదు కాని, మా షాపు ముందు బండి ఆపి నాతో చెప్పాడు.

కావలసింది బండి ఎక్కేలా ఒక ర్యాంపు, అంతే. కార్పొరేషన్‌కు దరఖాస్తు పెట్టాం. అది రైల్వే వాళ్ళ పని అని జవాబు వచ్చింది. రైల్వేకు పెట్టాం. దారి కార్పొరేషన్ వాళ్ళది అని జవాబు వచ్చింది. రెండు జవాబులకూ జిరాక్సులు తీశాను. ఈ మొత్తం వ్యవహారంలో అప్పటికి లబ్ధి పొందినవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పుడు రంగంలోకి దిగారు సెక్షన్ ఆఫీసరు గారు. రిటైరై పదేళ్ళయినా గల్లీలో ఆయన పేరు అదే. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి ముప్పై ఐదేళ్ళయింది. ఇప్పటికీ “మీ హైదరాబాదులో” అంటారు. ఒక సాయంత్రం హోటల్లో చాయ్ గ్లాసు కింద పెట్టి, తీర్పు చెప్పినట్టు ప్రకటించారు.

“లోక్‌సభకు పిటిషన్ పెడదామండీ.”

హోటల్లో అందరూ గ్లాసులు కింద పెట్టారు. ఒక్క సమోసా మాత్రం నూనెలో చప్పుడు చేసింది.

“ఏ పౌరుడైనా పెట్టుకోవచ్చు. దానికి ప్రత్యేకంగా ఒక కమిటీయే ఉంది. సభ్యుడు ఎవరైనా సభలో సమర్పించాలి, అంతే. మా బావమరిది క్లాస్‌మేటు ఒకాయన వేరే జిల్లా నుంచి గెలిచి ఢిల్లీలోనే ఉన్నాడు.”

“ఓటేసి పంపేది మనమే, మల్ల దరఖాస్తు పెట్టేది గూడ మనమేనా సార్?” అన్నాను.

“నీకు అన్నీ హాస్యమే బాబూ. ముందు ఆ నియమాలు డౌన్‌లోడ్ చెయ్యి.”

చేశాను. ఉస్తాద్, హోటలు సేఠ్, ఆఫీసరు గారు నా కౌంటరు ముందు చేరారు. నేను పైకి చదివి తెలుగులో చెప్పాను. భాష గౌరవంగా, మర్యాదగా, నిగ్రహంగా ఉండాలి. పేరు, చిరునామా, సంతకం ఉండాలి. చివర, పిటిషనర్లు కర్తవ్యబద్ధులై సదా ప్రార్థిస్తూ ఉంటారు అని రాయాలి.

“మేం ఎట్లయినా ఐదు పూటలు చేస్తనే ఉన్నం,” అన్నాడు ఉస్తాద్. “రాసియ్యనీకి ఏం ఫికర్ లేదు.”

తర్వాతి నియమం దగ్గర నేనే ఆగిపోయాను. మళ్ళీ చదివాను. పిటిషన్‌కు ఉత్తరాలు, అఫిడవిట్లు, ఇతర పత్రాలు ఏవీ జతచేయరాదు.

“ఏవీ?” అన్నారు ఆఫీసరు గారు.

“ఏవీ.”

“ఆధార్ గూడనా?” అన్నాడు సేఠ్.

“ఆధార్ గూడ.”

“గట్లయితే గది సర్కారు ఆఫీసే కాదు భాయ్. ఎవడో మోసం చేస్తున్నడు.”

నాకూ బాధగానే ఉంది. దేశంలోకెల్లా పెద్ద ఆఫీసుకు జిరాక్స్ అక్కర్లేదంటే ఇక మా మామ వ్యాపారానికి భవిష్యత్తు ఏమున్నట్టు? కాని అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది ఆఫీసరు గారు. పాతికేళ్ళు ‘జతపత్రాలు: 7’ అని రాసిన చెయ్యి. జతపత్రం లేని కాగితం ఆయన కళ్ళకు చొక్కా లేని మనిషిలా కనబడింది.

ముసాయిదా నేను టైపు చేశాను. ఉస్తాద్ చెప్పాడు, ఆఫీసరు గారు ఇంగ్లీషులో మర్యాద కూర్చారు. అంతా అయ్యాక ఉస్తాద్, “ఒక లైన్ మిగిలింది, రాయి,” అన్నాడు.

“చెప్పు చాచా.”

“ఈ బ్రిడ్జి నక్షా గీసినోడు ఒక్కసారి నన్ను మోసుకోని ఎక్కాలె.”

టైపు చేశాను. ఆఫీసరు గారు కళ్ళజోడు తీసేశారు. “ఇది నిగ్రహమా ఉస్తాద్ గారూ? గౌరవమా? ఈ ఒక్క వాక్యానికే మొత్తం కాగితాన్ని తోసేస్తారు.”

ఉస్తాద్ నా వైపు చూశాడు. ఆయన చెప్పినవాటిలో నిజమైన కోరిక అదొక్కటే అని నాకు తెలుసు. అయినా ఆఫీసరు గారి మాట విని కొట్టేశాను. దాని స్థానంలో ‘దివ్యాంగులకు అసౌకర్యం కలుగుతున్నదని సవినయంగా మనవి’ అన్న అర్థం వచ్చే వాక్యం పెట్టాం. అసౌకర్యం. చెప్పులో ఇసుక పడితే అనే మాట.

సంతకాలకు ఆదివారం బల్ల వేశాం. చెప్పినా వినకుండా ప్రతివాళ్ళూ ఆధార్ జిరాక్స్ తెచ్చారు. కొందరు రెండు ఫొటోలు కూడా. ఒకాయన కరెంటు బిల్లు తెచ్చాడు. జల్‌పల్లిలో ప్లాటు కొనుక్కుని గల్లీ వదిలిపోయినవాళ్ళు కూడా వచ్చి పాత అడ్రసు మీద పెడతామని లొల్లి చేశారు. వద్దని పంపేశాను. ఒక ముసలామె నా చేతిలో కాగితం పెట్టి, “ఉంచుకో బిడ్డా, వాళ్ళు అడిగితే ఇద్దువు,” అని వెళ్ళిపోయింది. సాయంత్రానికి నా దగ్గర సంతకాలు నాలుగు పేజీలు, అక్కర్లేని కాగితాలు ఒక సంచీడు. పిటిషన్ ఆ ఢిల్లీ సభ్యుడికి పోస్టు చేస్తానని ఆఫీసరు గారు సంచీతో సహా తీసుకెళ్ళారు. సంచీ ఎందుకని నేను అడగలేదు. అడగాల్సింది.

నెలన్నర తర్వాత లావుపాటి పార్సిల్ తిరిగి వచ్చింది. లోపల మా పిటిషన్, దాని వెనక గల్లీ మొత్తం ఆధార్‌లు, కరెంటు బిల్లు, కార్పొరేషన్ జవాబు, రైల్వే జవాబు, ఉస్తాద్ బండి ఫొటో. అన్నిటినీ గుచ్చి కట్టిన స్టాప్లర్ పిన్నులు. పైన సభ్యుడి ఆఫీసు వాళ్ళ చీటీ. జతపత్రాలు తీసి పంపండి, ఈ సమావేశాలకు ఇక వ్యవధి లేదు అని.

“ఒక్క మాట చెప్తే వింటరా సార్ మీరు,” అన్నాను.

ఆయన ఉస్తాద్ వైపు తిరిగారు. “ఖాళీగా పంపడానికి మనసొప్పలేదండీ. రుజువు లేకుండా మిమ్మల్ని ఎవరు నమ్ముతారని...” అని ఆగిపోయారు. నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. మింగేశాను. అది చాలా అరుదు.

ఉస్తాద్ జేబులోంచి కుట్టుపని సూది తీశాడు. పిటిషన్ ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పిన్ను కింద సూది దూర్చి, కాగితం చిరగకుండా లేపడం మొదలుపెట్టాడు. షేర్వానీ మీద తప్పు పడిన పువ్వును విప్పేటప్పుడు కూడా అలాగే చేస్తాడట. పదకొండు పిన్నులు. ఆఫీసరు గారు వాటిని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నారు. ఆ కాగితం మళ్ళీ ఢిల్లీ వెళ్ళి, తర్వాతి సమావేశాలు మొదలయ్యేసరికి పెళ్ళిళ్ళ సీజను నెత్తి మీదికి వచ్చింది.

ఆ రోజు కార్యక్రమాల జాబితాలో మా అంశం ఉందని తెలిసి హోటల్లో టీవీ ముందు కూర్చున్నాం. ఉస్తాద్ ఇస్త్రీ కుర్తా వేసుకుని వచ్చాడు. ఆఫీసరు గారు జాబితా ప్రింటు పట్టుకుని, ఒక్కో అంశం దగ్గర పెన్సిలుతో టిక్కు పెట్టడానికి సిద్ధమయ్యారు. పదకొండుకు సభ మొదలైంది. పదకొండు దాటి మూడు నిమిషాలకు పన్నెండు దాకా వాయిదా పడింది.

“ఏమైంది?” అన్నాడు సేఠ్.

“ఇంటర్వెల్,” అన్నాను.

పన్నెండుకు మళ్ళీ మొదలైంది. సగం మంది లేచి అరుస్తున్నారు, కొందరు అట్టలు పట్టుకుని అధ్యక్షస్థానం ముందు నిలబడ్డారు. ఆ గోలలోనే మంత్రులు ఒకరి తర్వాత ఒకరు లేచి, నా పేరు మీద ఉన్న పత్రాలు బల్ల మీద ఉంచుతున్నాను అని చెప్పి కూర్చుంటున్నారు. ఎవరూ వాళ్ళను చూడటం లేదు, ఆ పత్రాలనూ చూడటం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా బల్ల మీదా జనం పత్రాలు ఉంచుతారు. నేను కనీసం తిరగేసి చూస్తాను.

“కూర్చోబెట్టనీకి ఎవ్వరు లేరా?” అన్నాడు ఉస్తాద్.

“నిలబడగలరు కాబట్టి నిలబడుతున్నరు చాచా.”

అప్పుడు వెనక వరసలో ఒకాయన లేచాడు. చేతిలో కాగితం ఉంది. పెదవులు కదిలాయి. గోల తప్ప ఒక్క ముక్క వినబడలేదు. కూర్చున్నాడు. ఆఫీసరు గారు టిక్కు పెట్టారు.

“గంతేనా?” అన్నాడు సేఠ్.

“సమర్పణ జరిగిందండీ. రికార్డుల్లోకి ఎక్కింది.”

“చాయ్ ఇంకా రాలే,” అన్నాడు ఉస్తాద్.

ఇక మనకు వచ్చేదేమీ లేదని నేను అనుకున్నాను. పైకి కూడా అన్నాను. అది తప్పని తేలడానికి నెల కూడా పట్టలేదు. కమిటీ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. పిటిషన్ కమిటీ ముందు ఉన్నదని, మంత్రిత్వశాఖ అభిప్రాయం కోరామని, స్థలాన్ని పరిశీలిస్తారని. నాలుగు వాక్యాలు, పైన మూడు సింహాలు. ఉస్తాద్ దాన్ని కార్ఖానాకు తీసుకెళ్ళి చూపించాడు. యజమాని అసలు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, “దీని జిరాక్స్ ఇయ్యి,” అన్నాడట. ఇచ్చాం. బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాడు. ర్యాంపు పని తేలేదాకా ఉస్తాద్ చోటు ఉస్తాద్‌దే అన్నాడు. అసలు కాగితానికి రాని నమ్మకం జిరాక్స్‌కు వచ్చింది. మా మామ వ్యాపారానికి ఇంకొన్నాళ్ళు ఢోకా లేదు.

పరిశీలనకు ఒక సాయంత్రం ముగ్గురు వచ్చారు. వాళ్ళలో ఒకతను నా వయసు ఇంజనీరు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టేపు. గోడ కొలిచాడు, మెట్లు లెక్కపెట్టాడు, పుస్తకంలో రాసుకున్నాడు.

“పిటిషనర్ ఎక్కడ?” అన్నాడు.

“అవతల ఉన్నడు సార్. పని అయిపోయింది, ఇటు రావాలె. కని ఒక కాలు తక్కువ పడింది.”

అతను కంగారుపడ్డాడు.

“కుర్చీకి సార్. మేం ముగ్గురమే ఉన్నం. సేఠ్‌కు నడుం పట్టింది.”

మిగతా ఇద్దరు ఫోన్లు తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. ఇంజనీరు టేపు జేబులో వేసుకుని, చొక్కా చేతులు మడిచాడు. అవతలికి దిగాం. ఉస్తాద్‌కు సలాం చెప్పి నాలుగో కాలు పట్టుకున్నాడు. ఇరవై మూడో మెట్టు దగ్గర ఆగుదామన్నాడు. చెమటకు కార్డు చొక్కాకు అంటుకుపోయింది.

“రోజూ ఇలాగేనా?” అన్నాడు.

“రెండుసార్లు సాబ్,” అన్నాడు ఉస్తాద్. “ఆరామ్ సే ఎక్కున్రి. పైకి ఇంక పందొమ్మిదే ఉన్నయ్.”

ఇటు దిగాక అతను చాలాసేపు పుస్తకంలో ఏదో రాశాడు. నక్షా గీసింది నేను కాదండీ అని ఎవరూ అడక్కుండానే అన్నాడు. వెళ్ళేముందు గోడ మొదట్లో పసుపు రంగుతో ఒక గీత గీయించాడు, ర్యాంపు ఇక్కడ మొదలవుతుందని.

జీపు వెళ్ళిపోయింది. మేం బండి దాటించాక ఉస్తాద్ అందులోకి మారి, చక్రం ఆ గీత దాకా తిప్పి ఆపాడు.

“బేటా, నువ్వు కొట్టేసిన లైన్ యాదుందా?”

“ఉంది చాచా.”

“నాకైతే గదొక్కటే మంజూరయింది.”

ర్యాంపు సంగతి ప్రస్తుతం పరిశీలనలో ఉంది. రేపు పొద్దున ఎనిమిదింటికి నాది ఎడమవైపు వెనక కాలు.