పసుపు గీత ఉన్న ఎర్ర వైరు

మా ఇంటి ఓనరు చిదంబరం గారి దృష్టిలో పాత కారులో రెండు రకాల తప్పులుంటాయి. కంపెనీ చేసినవి, ఆ తర్వాత మనుషులు చేసినవి. మొదటి రకాన్ని ఆయన ముద్దుగా చూసుకుంటాడు. రెండో రకం కంటపడితే ఆయనకు అన్నం సహించదు. అంబాసిడర్ తలుపు సరిగ్గా పడకపోతే అది కంపెనీ తప్పు, అలాగే ఉండాలి. ఎవడైనా మెకానిక్ దాన్ని సరిచేశాడా, వాడికి శాపనార్థాలే. నాచారంలో ఆయన ఇంటి పై పోర్షన్‌లో మేం అద్దెకు దిగిన రోజే ఈ సంగతి నాకు అర్థమైంది. సామాను వ్యాను ఎక్కడ తగులుతుందోనని ఆయన తన తెల్ల కారుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. మా బీరువా ఏమైపోయినా ఆయనకు పట్టలేదు.

ఆయనది కాకినాడ వైపు. ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో పరికరాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. సంబంధాలు చూస్తూ ఉండగానే రిటైర్మెంట్ వచ్చేసిందని ఆయనే చెప్పి నవ్వుతాడు. ఆ నవ్వు నాకు నచ్చదు. చివర్లో ఎదుటివాళ్ల మొహంలోకి చూస్తాడు, వాళ్లు కూడా నవ్వారో లేదోనని. పాలవాడు, కూరగాయల బండి ఆమె, నేను, మా ముగ్గురితో తప్ప ఆయన రోజంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నేను ఉప్పల్లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇంటికొచ్చేసరికి నా గొంతు పోయి ఉంటుంది. అయినా మెట్ల దగ్గర ఆయన "ఉమా, ఒక్క నిమిషం" అంటే ఆగేదాన్ని. ఆ నిమిషం ఎంత పొడుగో తెలిసే ఆగేదాన్ని.

పోయిన వానాకాలంలో ఆయనకు ఎక్కడో ఒక జత ఫాగ్ లైట్లు దొరికాయి. పసుపు అద్దాలవి, పొగమంచులో దారి కనపడటానికి. ఆ రోజుల్లో కారు కొనేవాళ్లు కోరుకుంటేనే కంపెనీ వాటిని ముందు బంపర్ దగ్గర బిగించి ఇచ్చేదట. ఈయన కారును మొదట కొన్న మనిషి కోరుకోలేదు. ఇప్పుడు ఏ ఎలక్ట్రీషియన్‌ని పిలిచినా పూటలో బిగించి పోతాడు. కానీ ఈయనకు కంపెనీ ఎలా బిగించేదో అచ్చం అలాగే కావాలి. కరెంటు పార్కింగ్ లైట్ల నుంచి తీసుకునేవారా, హెడ్ లైట్ల నుంచా, నేరుగా బ్యాటరీ నుంచా? స్విచ్చి ఎక్కడ ఉండేది? వైరు రంగేమిటి? కారుతో వచ్చిన పుస్తకంలో మామూలు లైట్ల సంగతి ఉంది గానీ వీటి ఊసే లేదు.

"వెలిగితే సాలదా అంకుల్?" అన్నాను.

"ఎలాగైనా వెలుగుతాయమ్మా. సరిగ్గా వెలగాలి" అన్నాడు, నేనేదో వంకర అక్షరాలు దిద్దినట్టు.

పాత కార్ల వాళ్ల వాట్సాప్ గ్రూపులో ప్రశ్న పెట్టాడు. ఇక ఫోన్లే ఫోన్లు. ఒకాయన బ్యాటరీ అంటాడు, ఇంకొకాయన ఒట్టేసి హెడ్ లైట్లు అంటాడు. చిదంబరం గారికి చెవులు సరిగ్గా వినపడవు, స్పీకర్ పెట్టి మాట్లాడతాడు. అందువల్ల మా వాడకట్టంతా ఫాగ్ లైట్ల వైరింగ్‌లో పండితులైపోయారు. నాకు విసుగొచ్చేది. అయినా ఓర్చుకున్నాను. ఆయన్ని ఎవరైనా తమంతట తాము ఫోన్ చేసి పలకరించడం నేను చూసింది అప్పుడే.

అలా దొరికినవాడే మల్కాజిగిరి జగన్మోహన్ గారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ల నాన్న అదే మోడల్ కారు కొత్తగా, ఫాగ్ లైట్లతో సహా కొన్నాడు. కారు నడవక ఏళ్లయింది, రేకుల షెడ్డులో ఉంది. "మా బండి వైర్ల మీద ఇంతవరకు ఏ మెకానిక్ చెయ్యి వడలే సారు. వచ్చి సూసుకోండ్రి. గని తొందర వడొద్దు" అన్నాడు స్పీకర్లో.

తొందరపడితే నిజంగానే కుదరదు. ఆ వైర్లన్నీ ఒక కట్టగా చేర్చి పైన బట్ట టేపు చుట్టి ఉంటాయి. ఏళ్ల నాటి టేపు, గట్టిగా పట్టుకుంటే పొడైపోతుంది. అందుకని చిదంబరం గారు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఆదివారానికి జానెడు మేర మాత్రమే విప్పాలి, లోపలి వైరు ఎటు పోతోందో చూడాలి, మళ్లీ అదే టేపు అదే వైపు చుట్టాలి. లైటు దగ్గర మొదలుపెట్టి స్విచ్చి దాకా పోవాలి. ఆదివారం వచ్చిందంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని మౌలాలి మీదుగా బయల్దేరేవాడు. చొక్కా ఎలాగూ మసి అవుతుంది కదా అంకుల్ అంటే, వాళ్లింటికి వెళ్లేటప్పుడు శుభ్రంగా ఉండొద్దా అనేవాడు.

మా అక్కవాళ్లిల్లు మల్కాజిగిరిలోనే. ఒకసారి ఆయన కారులోనే వెళ్లి, అక్కను చూసి, తిరుగు ప్రయాణానికి జగన్మోహన్ గారింటికి వెళ్లాను. షెడ్డులో చిదంబరం గారు బానెట్ కింద సగం దూరి ఉన్నాడు. జగన్మోహన్ గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టార్చి పట్టాడు. పట్టాడన్న మాటే గానీ మాటల ధ్యాసలో పడి వెలుగంతా గోడమీద వేస్తున్నాడు. వాళ్ల నాన్న ఆ కారులో యాదగిరిగుట్టకు పోతే దారిలో ఏం జరిగిందో చెబుతున్నాడు. "ఇంట్ల ఎవ్వరికి జెప్పినా ఇంటలేరు బిడ్డా. ఈ సారొక్కడే ఇంటడు" అన్నాడు నాతో. బానెట్ కింద నుంచి "ఆ తర్వాతేమైందండీ?" అని వినిపించింది. తర్వాత ఇద్దరూ పకపకా నవ్వారు. చిదంబరం గారు నవ్వి మొహంలోకి చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది.

దసరా అయ్యాక ఒక సాయంత్రం స్కూలు నుంచి వస్తే మా గేటు మీద పసుపు వెలుగు పడి ఉంది. రెండు ఫాగ్ లైట్లూ వెలుగుతున్నాయి.

"అరే అంకుల్, దొరికిందా!" అని గట్టిగానే అరిచాను.

ఆయన గబగబా స్విచ్చి ఆపేశాడు. దొరికిందట. జగన్మోహన్ గారి కారులో డ్యాష్ బోర్డు వెనక టేపు విప్పితే, పసుపు గీత ఉన్న ఎర్ర వైరు ఫాగ్ లైట్ల స్విచ్చి లోకి పోయిందట. ఆ స్విచ్చికి కరెంటు పార్కింగ్ లైట్ల నుంచి వస్తోందట. దొరికి కూడా చాలా రోజులైంది.

"మరి పోయిన ఆదివారం ఎందుకు వోయిన్రు?"

"ఆయనకు చెప్పలేదమ్మా. కుడి లైటుది తేలింది, ఎడమదాని సంగతి చూడాలన్నాను. అదయ్యాక ఎర్త్ వైరు చూడాలంటాను." కాసేపు కారు అద్దం తుడిచాడు. "తేలిపోయిందని చెబితే ఇంక ఆదివారం నాకేముంది ఉమా?"

నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ముందు కోపమే బయటికొచ్చింది. అంత వయసొచ్చి గిదేం పని, ఊరికెనే వస్తనంటె ఆయన వద్దంటడా అని అడిగాను. ఊరికే ఎవరింటికైనా ఎలా వెళ్తామమ్మా అన్నాడు. ఆయనకు పని లేకుండా ఒక మనిషి దగ్గరికి వెళ్లడం తెలియదు. జీవితమంతా ఎవరి గదిలోకి వెళ్లినా చేతిలో ఏదో ఒక చెడిపోయిన మీటరు పట్టుకునే వెళ్లాడు.

కార్తీకంలో ఒక ఆదివారం ఆయన వెళ్లినంత వేగంగా తిరిగొచ్చాడు. కారు దిగలేదు. నేను కిందికి వెళ్లి చూస్తే పక్క సీటులో గోనె సంచి ఉంది, దాని మూతి లోంచి వైర్లు వేలాడుతున్నాయి.

జగన్మోహన్ గారు ఇచ్చాడట. గేటు దగ్గరే నిలబడి ఉన్నాడట, సంచి పట్టుకుని. "నువ్వు నడుం వట్టుకోని లేస్తుంటె సూడలేక పోతున్న సారు. ఆ ఎడమ లైటు నీకు ఎంతకూ తేలకపాయె. నిన్న మల్లాపూర్ కెళ్లి మెకానిక్‌ను విలిపిచ్చి మొత్తం వైరింగ్ తీపిచ్చిన. తుప్పు వట్టి రాని కాడ కోపిచ్చిన. ఇంట్ల ఆరాంగ కూసోని సూసుకో. ఇగ నీకు గింత దూరం వచ్చే తక్లీఫ్ లేదు" అన్నాడట. ఇదంతా చిదంబరం గారు స్టీరింగ్ వైపు చూస్తూ చెప్పాడు.

"ఎవరూ ముట్టుకోని వైరింగ్ ఉమా. నేను చూసినవాటిలో అదొక్కటే. నా మూలంగా ముక్కలైంది."

"మల్ల బిగించి రాండ్రి."

"అతుకులు వేస్తే ఇంక అది కంపెనీది కాదు." తర్వాత నెమ్మదిగా అన్నాడు, "చాయ్ తాగి పొమ్మని కూడా అనలేదు. నాకు ఇంటికెళ్లి పని మొదలుపెట్టాలని ఆత్రంగా ఉంటుందనుకున్నాడు."

నేనిక ఊరుకోలేదు. ఫోన్ చేసి నిజం చెప్పమన్నాను. చెబితే అబద్ధాలకోరునని ఇంక గేటు కూడా తీయడన్నాడు. తీయకుంటె తియ్యకపాయె, ఇప్పుడు మాత్రం ఆయన గేటు తీసేదానికి మీకు ఆడ ఏం పనుంది అన్నాను. ఆ మాట కటువుగానే వచ్చింది. చివరికి ఆయన కారులోనే ఫోన్ తీశాడు. స్పీకర్ ఆన్ చేశాడు.

"జగన్మోహన్ గారూ, నేను చిదంబరాన్ని. ఆ లైట్ల సంగతి నాకు దసరాకు ముందే తేలిపోయిందండీ. మీకు చెప్పలేదు."

అవతల టీవీ మోత ఆగింది. "తేలిందా? మరి గిన్నొద్దులు ఎందుకొచ్చినవ్ సారూ?"

చిదంబరం గారు సంచి మూతి లోంచి వేలాడుతున్న వైరును లోపలికి తోశాడు. నేను కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"మాట్లాడటానికి నాకు ఎవరూ లేరండీ" అన్నాడు.

అప్పుడు జగన్మోహన్ గారి గొంతు, బానెట్ పక్కన కథలు చెప్పిన గొంతు కాదు, చిన్నగా వచ్చింది.

"గా ముక్క ముందుగాల్నే జెప్తే నేను వైర్లు కోపియ్యకపోతుంటి గద సారూ."