మారు వడ్డన

కిష్టమ్మకు వంట నేర్పింది కరువు. నల్లగొండలో బోర్లెండితే దిల్‌సుఖ్‌నగర్ వచ్చి పడింది. అప్పుడే అక్కడ కోచింగ్ సెంటర్లు వెలిశాయి, వాటి వెంట కోస్తా పిల్లలు దిగారు. జొన్నరొట్టె తిని పెరిగిన మనిషి వాళ్ల నోటికి తగ్గట్టు గోంగూర నూరడం నేర్చి మెస్సు పెట్టింది.

తెలంగాణ బంద్ నాటి మధ్యాహ్నం గుంపు వచ్చింది. ముందున్నవాడు సైదులు, ఆమె ఊరివాడే.

"అత్తా, లోపటున్న ఆంధ్రోళ్లను బయటికి తోలు."

లోపల పిల్లలు కంచాల ముందున్నారు. భీమవరం మురళీకృష్ణ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

కిష్టమ్మ గరిటెతో గుమ్మానికి అడ్డం నిలబడింది. "నిన్న సడక్ మీద వంటావార్పుల మీకందరికి వండింది నేను కాదారా? అన్నం ముందటికెళ్లి మనిషిని లేపుడు మీయమ్మ నేర్పిందా? తిననియ్యి."

"సరే, తిన్నంక తోల్తం," అని సైదులు గడప మీద కూర్చున్నాడు.

ఆమె మారు వడ్డించింది. మళ్లీ వడ్డించింది. కడుపులు పట్టక పిల్లలు కళ్లతోనే వద్దన్నారు. "మెల్లగ తినుండ్రి," అని గదమాయించింది. గిన్నె అడుగు కనబడగానే సైదులు లేచాడు.

కిష్టమ్మ వాడి కళ్ల ముందే ఇంకో ఎసరు పెట్టింది.

"ఎందాక వండుతవే?"

"నువ్వు పోయేదాక."

గుంపులో ఎవడో నవ్వాడు. సైదులు నవ్వలేదు. "రేపు గూడ ఒస్తం," అని అందరినీ ఎల్బీనగర్ చౌరస్తాకు తోలుకుపోయాడు.

"ఆంటీ, ఇక వండకండి, చాలు," అన్నాడు మురళీకృష్ణ.

"నీకెవరు వండుతున్నరురా? నా బువ్వ గూడ మీకే పెట్టిన. ఇగ నేను తినొద్దా?"