నేను వెనక్కి తీసుకున్న సాక్ష్యం

ఆ రోజుల్లో మా చర్చిలో కష్టపడని మనిషికి పెద్దగా మర్యాద ఉండేది కాదు. అల్లూరుకు తూర్పున, సముద్రం హోరు వినిపించేంత దగ్గర్లో ఉన్న చిన్న ఊరు మాది. ప్రతి శుక్రవారం ఉపవాస కూడిక జరిగేది. పాటలూ ప్రార్థనా అయ్యాక, అందరూ పులిహోర కోసం లేవబోయే ముందు, పాస్టరుగారు "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరన్నా ఉంటే ముందుకు రండి" అనేవారు. సాక్ష్యమంటే కోర్టులో చెప్పేది కాదు. తాను పడ్డ కష్టమేమిటో, అందులోంచి దేవుడు తనను ఎలా గట్టెక్కించాడో నలుగురి ముందూ నిలబడి చెప్పుకోవడం. చదువు లేకపోయినా, మాట తడబడినా, అందరూ చెవులప్పగించి వినేవాళ్ళు. ఇప్పుడు ఆలోచిస్తే అంత మంచి ఏర్పాటు నేను ఇంకెక్కడా చూడలేదనిపిస్తుంది. కానీ అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నా బుర్రకు ఎక్కింది ఒక్కటే: ఎవరి కష్టం పెద్దదైతే వాళ్ళే గొప్ప.

ఆ లెక్కన మా చర్చిలో అందరికంటే గొప్పవాడు ఓడ తాత. వయసులో ఉన్నప్పుడు ఒకసారి కూలికి పడవెక్కి, గాలివానకు పడవ తిరగబడితే, ఐసుపెట్టె మూత పట్టుకుని సముద్రంలో తేలుతూ బతికి బయటపడ్డ మనిషి. (నా చిన్నప్పుడు ఆయన ఒక రాత్రి తేలాడు. నేను పదో తరగతికి వచ్చేసరికి అది రెండు రాత్రులూ ఒక పగలూ అయింది. ఎవ్వరూ అడ్డు చెప్పలేదు. తేలింది ఆయన, మనకేం తెలుసు?) ఆయన తర్వాత ఇడ్లీ అత్త. మొగుడు పోయాక ఒక్క ఇడ్లీ పాత్రతో ముగ్గురు ఆడపిల్లల్ని పెంచి పెద్దచేసింది. ఆమె సాక్ష్యంలో, వానాకాలం తెల్లవారుజామున తడి కట్టెలు పొయ్యిలో పెట్టి ఊదే ఘట్టం ఒకటుంది. "పొగకి ఏడస్తుండానో, బాధకి ఏడస్తుండానో నాకే తెలీలేదు ప్రభువా" అనే మాట దగ్గర మేమందరం కళ్ళు తుడుచుకునేవాళ్ళం. ప్రతిసారీ అక్కడే తుడుచుకునేవాళ్ళం. ఒకసారి ఆమె తొందరలో ఆ మాట వదిలేస్తే, వెనక నుంచి ఎవరో "అత్తా, పొగ మర్చిపోయినావు" అని అందించారు కూడా.

ఇంతమంది మహానుభావుల మధ్య నేను యవ్వనస్తుల కూటానికి కార్యదర్శిని. పదవి ఉంది, కష్టం లేదు. ఏడో తరగతిలో పచ్చకామెర్లు వచ్చాయి గానీ, ఆ నెలంతా ఊళ్ళోవాళ్ళు పోసిన చెరకు రసం తాగి మహారాణిలా మంచం మీద గడిపాను. ఇంటర్ పరీక్ష రోజు బస్సు తప్పిపోయింది గానీ వెనకాలే ఇంకో బస్సు వచ్చింది. వీటితో ఎవరు కన్నీళ్ళు పెట్టుకుంటారు? మా ఇంట్లో వాళ్ళను చూసి నేర్చుకుందామంటే, మా నాయనకు అసలు సాక్ష్యాలే పడవు. ఆయన రొయ్యల గుంతల దగ్గర మేత వేసే పని చేసేవాడు. పాస్టరుగారు అడిగినప్పుడల్లా "వచ్చే వారం చెప్తాలే అయ్యా" అనేవాడు. ఆ వచ్చే వారం నేను పుట్టినప్పటి నుంచీ రాలేదు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు, గొప్పలు చెప్పుకునే మనిషి అంతకంటే కాదు. ఆయన నోట గర్వంగా వచ్చే మాట ఒక్కటే ఉండేది. ఎవరైనా ఎట్లా ఉన్నావని అడిగితే, "మా పిలకాయలు ఒక్క పూట గూడా ఆకలని ఏడవలా, అది చాలు నాకు" అనేవాడు.

సరిగ్గా అలాంటి రోజుల్లో పాస్టరుగారు వచ్చే శుక్రవారం యవ్వనస్తుల తరఫున నేనే సాక్ష్యం చెప్పాలని ప్రకటించేశారు. వారమంతా అద్దం ముందు నిలబడి నా జీవితాన్ని వెతికాను. ఎంత వెతికినా చెరకు రసమే తగిలింది. చివరికి బుధవారం నాడు ధైర్యం చేసి ఒక కష్టాన్ని తయారు చేసుకున్నాను. (తయారు చేయడమంటే పూర్తిగా నాది కూడా కాదు. ఇడ్లీ అత్త పొయ్యి కొంత, ఓడ తాత చీకటి కొంత కలిపాను.)

శుక్రవారం అమ్మ వరినాట్లకు పోయింది. నాయనకు ఎలాగూ గుంతల దగ్గర పని. ఇంకెవరు పట్టుకుంటారన్న ధీమాతో ముందుకెళ్ళి నిలబడ్డాను. "నా చిన్నతనంలో మా ఇంట్లో ఎన్నో రోజులు పొయ్యి వెలగలేదు. నేనూ తమ్ముడూ మంచినీళ్ళు తాగి, ఆకలితో ఏడుస్తూ నిద్రపోయేవాళ్ళం..." అని మొదలుపెట్టాను. నా గొంతు దానంతట అదే వణికింది. అది చూసి నాకే ముచ్చటేసింది. ఇడ్లీ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓడ తాత "అయ్యో బిడ్డా" అన్నాడు. ఆ ఊపులో నీళ్ళ దగ్గర ఆగకుండా, పక్కింటి నుంచి వచ్చే తాలింపు వాసనకు మేం గోడ పక్కన నిలబడేవాళ్ళమని కూడా చెప్పేశాను. అప్పుడు తలెత్తి వాకిలి వైపు చూశాను. అక్కడ మా నాయన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల ఆదివారం చొక్కా వేసుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని. కూతురు మొదటిసారి సాక్ష్యం చెబుతుందని పని దగ్గర అడిగి వచ్చాడట. నేను ఎలా ముగించానో నాకు గుర్తు లేదు. మళ్ళీ చూసేసరికి వాకిట్లో ఎవరూ లేరు.

ఇంటికెళ్తే తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. పెరట్లో కూర్చుని చెప్పుల మట్టి దులుపుతున్న మనిషి, నన్ను చూసి మెల్లగా అడిగాడు. "మే, నేను మీకు కూడు పెట్టకుండా పస్తు పండబెట్టింది ఏ పూటో చెప్పు. నాకు గ్యాపకం రావడంలా." ఆయన కోపంగా కూడా లేడు. నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు ఉన్నాడు. నాకు భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది.

మర్నాటి నుంచి అసలు సంత మొదలైంది. తెల్లవారకముందే ఇడ్లీ అత్త ముప్పై ఇడ్లీలూ, కారప్పొడీ పట్టుకుని దిగింది. "మీరు వద్దంటే నా మీద ఒట్టే" అంది. మధ్యాహ్నం ఓడ తాత ఎండుచేపల మూట తెచ్చి గుమ్మంలో పెట్టి, నా తల నిమిరి వెళ్ళిపోయాడు. సాయంత్రం పాస్టరమ్మగారు బియ్యం పంపించారు. సంగతి తెలియని అమ్మ గిన్నెల మధ్య నిలబడి "ఏందే ఇది? ఊరంతా మనింటికి కూడు మోస్తుండారు, మనకేం పొయ్యేకాలం వచ్చిందనీ?" అని నన్ను నిలదీసింది. చెప్పక తప్పలేదు. విన్నాక అమ్మ ఏదో అనబోయి, గిన్నెలు సర్దడానికి వంగింది. తమ్ముడు మాత్రం ఇడ్లీలు తింటూ "అక్కా, రేపు మళ్ళీ చెప్తావా సాక్ష్యం?" అన్నాడు.

ఆదివారం పొద్దున నాయన ఆ తెల్ల చొక్కా పెట్టెలోంచి బయటికి తీయలేదు. "నేను రానులే, మీరు పోయి రండి" అన్నాడు. జ్వరమొచ్చినా చర్చి మానని మనిషి. అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. నలుగురిలోకి తలెత్తుకుని వెళ్ళడానికి ఆయనకున్న ఆ ఒక్క మాటనూ నేను లాగేసుకున్నాను. నేను దాన్ని తిరిగి ఇస్తే తప్ప ఆయన ఇక ఆ వాకిలి తొక్కడు. వెంటనే పాస్టరుగారి దగ్గరికి పోయి, నా సాక్ష్యం వెనక్కి తీసుకుంటానని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇన్నేళ్ళలో సాక్ష్యం చెప్పనన్న వాళ్ళను చూశానమ్మా, చెప్పింది వెనక్కి అడిగిన దానివి నువ్వే" అన్నారు. అయినా శుక్రవారం నాకు మళ్ళీ అవకాశం ఇచ్చారు.

ఆ శుక్రవారం నాయనను బతిమాలాను, రాలేదు. అమ్మ నాట్లు మానుకుని వచ్చింది. నిలబడ్డాను. ఈసారి గొంతు నిజంగా వణికింది. దానివల్ల నాకేమీ ముచ్చటేయలేదు. "పోయిన వారం నేను చెప్పిందంతా అబద్ధం. మా ఇంట్లో ఏ పూటా పొయ్యి ఆరలేదు. కావాలంటే ఒక్క సంగతి చెప్తా వినండి" అని, మా ఇల్లు ఎంత కలిగిన ఇల్లో రుజువు చేయడానికి, నా బాల్యంలో అన్నిటికంటే సంతోషమైన రోజులను బయటికి తీశాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఇంట్లో ఎండ్రకాయల పండగ జరిగింది. (మిగతా జిల్లాలవాళ్ళు వీటినే పీతలంటారు.) క్యాలెండరులో లేని పండగ. ఒకటి రెండు రోజులు కాదు, నెలన్నర! రోజూ సాయంత్రం నాలుగింటికి నాయన చప్పట్లు కొట్టి "ఈ పొద్దు మనింట్లో ఎండ్రకాయల పండగ, ఎవురెవురు వస్తారు?" అని అడిగేవాడు. నేనూ తమ్ముడూ చేతులెత్తేవాళ్ళం. ఉప్పుకాలవ గట్టున కూర్చుని దారానికి చేప తలకాయ కట్టి నీళ్ళలో వేసేవాళ్ళం. ఎండ్రకాయ దాన్ని పట్టుకోగానే దారం మెల్లగా లాగి బకెట్లో వేసేవాడు నాయన. తిరిగొచ్చేటప్పుడు బకెట్ మీద దరువు వేస్తూ వీధంతా ఊరేగింపుగా వచ్చేవాళ్ళం. ఇంటికి రాగానే అమ్మ మామిడికాయ వేసి పులుసు పెట్టేది. దాంట్లోకి నూకన్నం. "ఎండ్రకాయల పులుసులోకి బియ్యం బాగుండదు, నూకలే రుచి" అని నాయన చెప్పేవాడు. "నెలన్నర పాటు రోజూ పండగ చేసుకున్న ఇల్లు ఈ ఊళ్ళో ఇంకేదన్నా ఉందా?" అని అందరినీ అడిగి, నవ్వుతారని చూశాను.

ఎవ్వరూ నవ్వలేదు. పెద్దవాళ్ళందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఇడ్లీ అత్త మళ్ళీ కొంగు అడ్డం పెట్టుకుంది. ఓడ తాత మాత్రం గొంతు సవరించుకుని, "అమ్మే, అది రొయ్యలకు తెల్లమచ్చ తెగులొచ్చిన ఏడు గదా. గుంతలన్నీ ఎండగట్టేసినారు. మీ నాయనకు పని యాడిది అప్పుడు?" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి అమ్మ లేచింది. జీవితంలో మొదటిసారి. "పని లేదు. నాట్లు గూడా లేవు. ఇంట్లో బియ్యం అయిపోయినాయి" అని మొదలుపెట్టి, నన్ను కాకుండా ఎదురుగోడను చూస్తూ చెప్పింది. "పిలకాయలకు తెలీకూడదని దానికి పండగని పేరు పెట్టింది ఆయనే. మిల్లుకి పోయి కోళ్ళకని చెప్పి నూకలు తెచ్చేవాడు. మాకు కోళ్ళు యాడుండాయి? ఎన్ని కోళ్ళయ్యా నీకు అని మిల్లాయన అడిగితే, నాలుగు అని చెప్పినాడంట. మేం నలుగురం గదా మరి." అంతే చెప్పి కూర్చుంది. నేను అందరి ముందూ నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఏడుపును ముందుగా అద్దం ముందు సాధన చేయలేదు.

ఇంటికొచ్చేసరికి నాయన పెరట్లో వల కుట్టుకుంటున్నాడు. సంగతి మాకంటే ముందే చేరినట్టుంది. "మీ అమ్మకు నోట్లో మాట ఆగదు" అని విసుక్కున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగాలని వారమంతా దాచుకున్న మాటలు మొదలుపెట్టబోయాను. ఈలోగా ఆయనే అడిగాడు. "మే, పండగ బాగుండిందా, లేదా?"

"బాగుండింది నాయనా."

"ఇంకేం మరి" అని మళ్ళీ వల మీదికి వంగాడు. ఆ ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాడు. ఓడ తాత లేచి పక్కకు జరిగి చోటిచ్చాడు. (ఇడ్లీలు ఆగిపోయాయి. తమ్ముడు ఇప్పటికీ నన్ను దానికి క్షమించలేదు.)

ఇప్పుడు నేను నెల్లూరులో నర్సుగా పనిచేస్తున్నాను. వార్డులో రోజుకొకరు మంచం పక్కన కూర్చోబెట్టుకుని తమ కష్టాలు చెబుతారు. వింటాను. కళ్ళనీళ్ళు లేకుండా నవ్వుతూ చెప్పేవాళ్ళ దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను. అప్పుడప్పుడు ఇక్కడి చర్చిలో నన్ను కూడా సాక్ష్యం చెప్పమంటారు. ఆ నెలన్నర గురించే చెబుదామని లేస్తాను గానీ, బకెట్ దరువు దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వొస్తుంది, నన్ను చూసి అందరూ నవ్వుతారు, కష్టం చెప్పకుండానే కూర్చుంటాను. పంతొమ్మిదేళ్ళ ఆ పిల్ల చూస్తే సిగ్గుతో చచ్చిపోయేది. పాపం, కష్టం కోసం ఎంత వెతుక్కుందో. దొరకనీయకుండా దాచినవాడు ఇంట్లోనే ఉన్నాడని దానికేం తెలుసు?

పోయిన శనివారం మార్కెట్లో మంచి ఎండ్రకాయలు కనిపించాయి. నాయన మా ఇంటికి వచ్చి ఉన్నాడు కూడా. ఎండ్రకాయలు తీసుకుని, బియ్యం కొట్లో నూకలు అడిగాను. మా ఆయనా ఇద్దరు పిల్లలూ ఎంత గోల చేసినా మా ఇంట్లో ఆ పులుసులోకి నూకన్నమే. కొట్టు అబ్బాయి సంచీ కడుతూ, మాటల్లో పెడదామని కాబోలు, "కోళ్ళకా మేడం? ఎన్నుండాయి?" అన్నాడు.

"నాలుగుండాయి. ఈ పొద్దు వాటి నాయన గూడా వచ్చినాడు, ఇంకొంచెం ఎక్కువ పొయ్యి" అన్నాను.