శుక్రవారమే చెప్పేశాను

"ప్రార్థనలో పెట్టి చెప్తానండి" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా సంఘంలో ఎవరూ ఏ పనికీ రానని మొహం మీద చెప్పరు. దేవుణ్ణి అడిగి చెప్తామంటారు. ఆ తర్వాత దేవుడేమన్నాడో వాళ్ళు చెప్పరు, మనం అడగకూడదు. అడిగితే మనకే విశ్వాసం లేదంటారు.

తొంభైల చివర్లో నేను భీమవరం దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఏటా మే నెలలో మా చర్చి ఒక బడిలో నాలుగు రోజులు పిల్లలకు వేసవి శిబిరం నడిపేది. దానికి మనుషుల్ని కుదర్చడం నా వంతు. ఆ ఏడు మొదటిసారి ఆడపిల్లల్ని కూడా పిలిచాం. మొగల్తూరు వైపు ఊళ్ళు తిరిగి, తండ్రుల్ని బతిమాలి ఇరవై ఆరుగుర్ని ఒప్పించాను. రాత్రిళ్ళు కూడా వాళ్ళతో ఉండడానికి నమ్మకమైన ఆడమనిషి దొరక్కపోతే ఆడపిల్లలు వద్దని పాస్టరు గారు తేల్చి చెప్పారు. అందులో ఆయన తప్పేం లేదు. నా భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళింది.

బ్యాంకు ఆఫీసరు గారి భార్య ప్రార్థనలో పెడతానని కాఫీ ఇచ్చి పంపారు. మరుసటి ఆదివారం నన్ను చూసి పక్క గుమ్మంలోంచి వెళ్ళిపోయారు. కాలేజీ లెక్చరరు గారు, "దేవుడు ఇంకా స్పష్టంగా చెప్పలేదండి" అన్నారు. ఊటీ వెళ్ళమని మాత్రం స్పష్టంగానే చెప్పినట్టున్నాడు, ఆ వారమే కుటుంబంతో రైలెక్కారు. ఇంకో ఏడుగురు కూడా ఇదే పాట. నీ పనికి ఒక్క మనిషిని తేవడం నీకు చేతకాదా అని మోకాళ్ళ మీద ఉండి దేవుడితో పోట్లాడాను.

చివరికి రొయ్యల షెడ్డులో తలలు తీసే ఆవిణ్ణి అడిగాను. చర్చిలో ఎప్పుడూ వెనక చాప మీద కూర్చునేది. అందరూ అయ్యాకే ఆవిడ గుర్తొచ్చింది నాకు, అది వేరే సిగ్గు. రొయ్య ముళ్ళు గుచ్చుకున్న వేళ్ళు ముడుచుకుని బుధవారం సాయంత్రం ఆవిడ ఒకటే చెప్పింది.

"మూడు రోజులు ఉపవాసం ఉండి, ఆదివారం ఆరాధన అయ్యాక చెప్తానండి మాస్టారండీ. అందాకా ఆగండి."

అలాగేనమ్మా అన్నాను. ఇంటికొచ్చేసరికి ఈవిడా మొదలెట్టిందని కడుపు మండిపోయింది.

శుక్రవారం పాస్టరు గారు ఎవరైనా దొరికారా అని అడిగారు.

"ఎవరూ రారండి. ఆడపిల్లల్ని ఆపేద్దాం."

"ఇంకా అయిదు రోజులుంది కదండీ మాస్టారూ. ఆదివారం దాకా చూద్దామా?"

"చూసింది చాలండి" అని ఆ పూటే స్కూటరేసుకుని బయల్దేరాను. కోపంలో ఎంత చురుగ్గా తిరిగానో. చీకటి పడేలోగా ఇరవై ఆరు ఇళ్ళకూ చెప్పేశాను. ఒకమ్మాయి సగం వేసిన జడ చేత్తో పట్టుకుని, "మరి మా పేర్లు ఏం చేస్తారండి?" అని అడిగింది. కొట్టేస్తామన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ వచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"వస్తానండి. సీజన్లో మానేస్తే మళ్ళీ రానివ్వనన్నాడండి మేస్త్రీ. అయినా సరే, వస్తానండి."

నేను చేసిన పని చెప్పాను.

"ఆదివారం అన్నాను కదండీ" అంది. తర్వాత, "శిబిరం బుధవారమే కదండీ. పదండి, మళ్ళీ అడుగుదాం" అంది.

ముందు ఏదైనా తినమన్నాను. మంచినీళ్ళు మాత్రం తాగి నడిచింది. సోమవారం కూడా షెడ్డు మానుకుని వచ్చింది. ఆ ఎండలో మళ్ళీ ఇరవై ఆరు గుమ్మాలు ఎక్కాం. ఎవరూ నన్ను తిట్టలేదు, కూర్చోమని మజ్జిగ ఇచ్చారు. కొందరు పిల్లల్ని అప్పటికే అమ్మమ్మగారిళ్ళకు పంపేశారు. మిగతావాళ్ళది ఒకటే మాట.

"మొన్న లేదన్నారు, ఇవాళ ఉందంటున్నారు. ఆడపిల్లల్ని ఎలా పంపుతామండి మాస్టారూ?"

నలుగురు వచ్చారు. ఆ నలుగురినీ ఆవిడ ఇరవై ఆరుగురి లాగే చూసుకుంది.

ఊటీ వాళ్ళ మీద నా కోపం ఎప్పుడో చల్లారింది. ఇరవై ఇద్దరు పిల్లల్ని ఆపింది వాళ్ళు కాదు. దేవుడు మనిషిని పంపాడు. రెండు రోజులు ఆగలేక నేనే తలుపు వేసేశాను. వచ్చే ఏడాది వద్దురుగానిలే అని ఆ పిల్లలతో తేలిగ్గా అన్నాను. మరుసటి వేసవికి వాళ్ళలో కొందరు ఆ షెడ్డులోనే రొయ్యలు ఒలుస్తున్నారు.

శిబిరం అయ్యాక ఆవిడ పనికి వెళ్తే మేస్త్రీ అన్నంత పనీ చేశాడు. నలుగురు పిల్లల కోసం ఆవిడ పని పోయింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నా కోపానికి ఇంకో మనిషి దొరికేది.