సమ్మయ్య బావ చాక్‌పీస్ గీత

నిన్న పొద్దున చామోర్షిలో ఒకరింట్లో తలుపు బిగిస్తున్నాను. అక్క ఫోన్.

"మీ బావ లేస్తలేడురా" అంది.

స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. మొన్న సాయంత్రమే కదా, మిషన్‌కి కొత్త బ్లేడ్లు వచ్చాయా అని అడిగాడు.

బయల్దేరి అహేరి దాటేదాకా కూడా, ఎవరో ఒకరు ఫోన్ చేసి ఏం కాలేదులే అంటారని చూస్తూనే ఉన్నాను. ఎవరూ చేయలేదు. సిరొంచ చేరేసరికి ఇంటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి.

సాయంత్రానికి ప్రాణహిత ఒడ్డున అంతా అయిపోయింది.

సమ్మయ్య బావ. మా అక్క భర్త. నాకు వడ్రంగం నేర్పిన మనిషి.

ఒళ్ళంతా పచ్చి పుండులా ఉంది. అయినా ఇవాళే రాయాలి. రేపటికి ధైర్యం చాలదు.

మా షెడ్డుకి థిక్‌నెస్ ప్లేనర్ వచ్చిన రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందరూ చూడ్డానికి వచ్చారు. టేబుల్ మీద పెట్టుకునేంత మిషన్. ఇటు నుంచి చెక్క పెడితే పై పొర తీసేసి, మొత్తం ఒకే మందంలో అటు పంపుతుంది.

అహేరి నుంచి సర్కారు ఎస్టీ బస్సులో తెచ్చాం. బావ దాన్ని ఒళ్ళోనే పెట్టుకుంటానన్నాడు. ముప్పై కిలోల పైనే. పది నిమిషాలకే కాళ్ళు తిమ్మిరెక్కి, సిగ్గుపడుతూ కింద పెట్టాడు. సిరొంచ వచ్చేదాకా దాని మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు.

నాకేమో బాక్స్ విప్పగానే ప్లగ్ పెట్టేయాలని.

ఆయన సెటప్‌కి మూడు రోజులు తీసుకున్నాడు. కదలని బల్ల చేశాడు. నాలుగు మూలలా లెవెల్ చూశాడు. మొదటి చెక్క బయటికొస్తే చివరి రెండంగుళాల మేర ఎక్కువ లోతుగా తినేసింది. ముందూ వెనకా చెక్కని మోసే బల్లలు కట్టాడు. అక్క దాచుకున్న పాత పెళ్లి కార్డులు కత్తిరించి, ఆ బల్లల బయటి అంచుల కింద పెట్టి, కాస్త పైకి లేపాడు. అప్పుడు కుదిరింది.

నేను విసుక్కుంటే, "కొత్త కోడలొచ్చిన తెల్లారే నాట్లకు తోల్తరార? జర నిమ్మళంగ ఉండు" అన్నాడు. అక్క లోపల్నుంచి, "నన్ను తోలిండు గదా" అంది. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది.

మాకొచ్చే టేకు ఎక్కువగా పాత ఇళ్ళు విప్పిన దూలాలు, దర్వాజాలు. లోపల విరిగిపోయిన మొలలు ఉంటాయి. ఒక్కటి తగిలినా బ్లేడ్లు పోతాయి.

అందుకే బావకి ఒక పద్ధతి ఉండేది. కళ్ళు మూసుకుని, ఎడమ అరచేయి చెక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిపేవాడు. రెండు వైపులా. మొల దొరికితే పీకేసేవాడు. తర్వాత చెక్క కోసిన చివరన చాక్‌పీస్‌తో ఒక గీత. ఆ గీత లేని చెక్క మిషన్‌లోకి వెళ్ళకూడదు. రూల్.

రెండేళ్ళ కింద ఒక రోజు, బావ సద్ది తినడానికి ఇంట్లోకి వెళ్ళాడు. ఇంకా నాలుగు చెక్కలు ఉన్నాయి. పొలాల్లో మోటార్లు మొదలైతే వోల్టేజ్ పడిపోతుంది, మిషన్ మూలుగుతుంది. ఈలోపు లాగించేద్దామని ఒకటి పెట్టేశాను.

గీత లేని చెక్క.

ఠక్కుమని చప్పుడు. ఒక నిప్పురవ్వ. బ్లేడ్లన్నిటికీ ఒకే చోట గంటు పడింది. చెక్క పొడుగునా సన్నటి గట్టు ఉబ్బి బయటికొచ్చింది.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

బావ చెయ్యి కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. చాక్‌పీస్ తీసుకుని ఆ చెక్క చివర గీత గీసేశాను. అచ్చం ఆయన గీసినట్టే.

వచ్చాడు. చూశాడు. గీతని బొటనవేలితో రుద్దాడు.

"గీత నాదే. మరి మొల నా చేతికెందుకు తగల్లే?" అన్నాడు. నాతో కాదు. తన చెయ్యి చూసుకుంటూ.

తర్వాత ఒక బ్లేడ్‌ని కొంచెం పక్కకి జరిపి బిగించాడు, గంట్లు ఒకే వరసలో పడకుండా. గట్టు పోయింది. మిషన్ బాగైంది.

ఆయనే బాగవలేదు.

"ఇగ నువ్వే చూసుకోరా. నా చేతుల సోయి పోయింది" అన్నాడు. ఆ రోజు నుంచి చెక్క మీద చెయ్యి నడపలేదు. గీత పెట్టలేదు. ఒక మూల కూర్చుని పాలిష్ పేపర్ రుద్దుకునేవాడు. షుగర్ వల్ల చేతులు మొద్దుబారాయేమో అని డాక్టర్‌కి కూడా చూపించుకున్నాడు. తోడుగా వెళ్ళింది నేనే. బయట బెంచీ మీద కూర్చుని కూడా చెప్పలేదు.

చెబుదాం, చెబుదాం అనుకుంటూనే రెండేళ్ళు గడిపేశాను. బావని చూసుకునే మంచివాణ్ణని అందరూ అంటుంటే వినడానికి కూడా అలసటగా ఉంది.

నిన్న అందరూ వెళ్ళాక అక్క అంది: "చెయ్యి పోయిందని ఒకటే రంది పడ్డడురా. అన్నం కలుపుకుంట గూడ చెయ్యే చూసుకునేటోడు."

ఇవాళ పొద్దున అక్కకి మొత్తం చెప్పేశాను. పక్కింటివాళ్ళు తెచ్చిన టీ నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

షెడ్డులోకి వెళ్ళి మిషన్ మీద గుడ్డ కప్పి వచ్చాను. పక్కన ఆయన చాక్‌పీస్ ఇంకా ఉంది. రెండేళ్ళుగా అరగలేదు.

బావా, నీ చెయ్యి మంచిగనే ఉండె.

ఆ గీత నేను గీసిన.

ఇగ రంది పడకు. నిమ్మళంగ పండుకో.